తువ్వాలు కింది చెయ్యి

కుజగ్రహం మీద మనుషులు స్థిరపడి వందేళ్లు దాటిన ఆ రోజుల్లో సరుకు చూడటానికి ఎవరూ ప్రయాణం చేసేవారు కాదు. దుకాణంలో కూర్చుని స్పర్శవాహిని తొడుగులో చెయ్యి పెడితే చాలు. వెయ్యి కిలోమీటర్ల అవతలి గోదాములోని పత్తి మెత్తదనం, మిరపకాయ తడి వేళ్లకు తెలిసేవి. తొడుగులోని సెన్సర్లు ఒత్తిడిని, వేడిని, వణుకును కూడా తీగ మీద మోసుకొచ్చేవి. దాన్ని కనిపెట్టిన ఎల్లమంద పూర్వీకులు భూమి మీద పశువుల సంతలో బేరగాళ్లు.

మంచుగనుల కోసం తూర్పు నగరానికీ పడమటి నగరానికీ యుద్ధం మొదలై నలభై రోజులైంది. ఇరువైపులా ఐదేసి అణుక్షిపణులు మూతలు తెరుచుకుని ఉన్నాయి. ఒక నగరపు గాజుకప్పును, దాని కింది లక్షమందిని తుడిచెయ్యడానికి ఒక్కటి చాలు. ముందు మనమే వెయ్యాలనీ, ఆలస్యమైతే వెయ్యడానికి మనం మిగలమనీ సేనాపతి తేల్చాడు. తూర్పు అధ్యక్షురాలు వకుళకు ఆయన ఇచ్చిన గడువు పావుగంట.

ఆ లెక్కలో తప్పు లేదు. అందుకే ఆమెకు భయం వేసింది. పడమటి అధ్యక్షుడితో రేడియోలో మూడుసార్లు మాట్లాడింది. రెండు నగరాలూ వింటుంటే ఇద్దరిలో ఎవరూ ఒక్క మెట్టు దిగలేదు.

అప్పుడు ఎల్లమంద తొడుగు పట్టుకొచ్చాడు.

"అమ్మా, బేరం చెడేది ధర కాడ కాదు, పదిమంది వింటా ఉన్న కాడ. మా తాతలు తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కేవోళ్లంట. ఎవుడు ఎంత తగ్గాడో పక్కనోడికి తెలవదు. పడమటాయన తాతలూ ఆ సంతోళ్లే."

రేడియోలో 'తువ్వాలు' అని ఒక్క మాటే పంపారు. పడమటి నుంచి 'సరే' అని జవాబొచ్చింది. వకుళ తొడుగులో చెయ్యి పెట్టింది. ఒక చెయ్యి తగిలింది. వేడిగా ఉంది, వణుకుతోంది.

ఆమె ఒక వేలు నొక్కింది. ఒక క్షిపణి దించుతానని అర్థం. మరుక్షణం తన వేలి మీదా అంతే ఒత్తిడి. ఇది మోసమన్నాడు సేనాపతి. "వణికే చెయ్యి మోసం చెయ్యదండీ" అని ఆమె ఒక మూత మూయించింది. కాసేపటికి ఉపగ్రహ దూరదర్శినిలో పడమటి మూత ఒకటి మూసుకుంది.

గడువు ముగిసేలోగా పది మూతలూ మూసుకున్నాయి. అంత పెద్ద బేరాన్ని అంత తక్కువ మాటలతో కుదిర్చినవాళ్లు అంతకుముందు లేరు.

వారం తర్వాత తీగ పరీక్షించి వచ్చిన ఎల్లమంద తల ఎత్తలేకపోయాడు. యుద్ధం మూడో రోజునే రెండు నగరాల మధ్య తీగ తెగింది. బజార్లు మూతపడి ఉండటంతో ఎవరూ గమనించలేదు. అవతలి నుంచి సంకేతం రాకపోతే, తొడుగు లోపలున్న చేతి స్పర్శనే దానికి తిప్పి ఇస్తుంది.

"అంటే నేను పట్టుకున్నది నా చేతినేనా?"

"అవునమ్మా. ఆయన పట్టుకుందీ ఆయన చేతినే. తప్పు నాదే. తన వణుకుని మనిషి గుర్తుపట్టలేడని నాకు తట్టలా."



"కొత్త తీగ వేయించండి," అంది వకుళ. "తొడుగులోని ఆ తప్పు మాత్రం బాగుచెయ్యకండి."