గుంతలో కుర్చీ

మా అపార్ట్‌మెంటు నుంచి పాప నర్సరీకి వెళ్ళే దారిలో ఫుట్‌పాత్ అంతా అతుకుల బొంతలా ఉంటుంది. ఒకచోట పలక ఊగుతుంది, ఒకచోట చెట్టు వేరు పైకి లేచి ఉంటుంది, ఇంకోచోట మ్యాన్‌హోల్ మూత పక్కకి జరిగి ఉంటుంది. కంటబడినవన్నీ ఫోటో తీసి మునిసిపాలిటీ యాప్‌లో పెడుతూ ఉంటాను. నేను కొండల్లో పుట్టి పెరిగినదాన్ని. పెళ్ళయ్యాక డాన్యూబ్ నది ఒడ్డునున్న ఈ ఊరికి వచ్చాను. మా ఆయన లారీ తోలుతూ నెలలో ఎక్కువ రోజులు జర్మనీలోనే ఉంటాడు. మా అమ్మావాళ్ళు రావాలంటే ఒక పూట ప్రయాణం. పాప కాలో చెయ్యో విరిగితే పరిగెత్తుకొచ్చేవాళ్ళు లేరు. అందుకే నేలకేసి చూస్తూ నడవడం నాకు అలవాటైపోయింది.

మునిసిపాలిటీలో ఫిర్యాదులు చూసే రాడోస్లావ్ నా గొంతు వినగానే గుర్తుపడతాడు. ఇవాళ ఎక్కడ పడ్డారమ్మా అని మొదలుపెడతాడు. వెక్కిరిస్తాడే గానీ పని చేయిస్తాడు. ఒక్క బేకరీ మలుపు దగ్గర గుంత విషయంలోనే చుక్కెదురైంది.

ఈ ఊళ్ళో ఫుట్‌పాత్ కుంగితే మనుషులు పడకుండా ఎవరో ఒకరు అందులో కొమ్మో, పాత టైరో, చీపురుకట్టో నిలబెడతారు. ఈ గుంతలో ఒక వంటింటి కుర్చీ ఉంది. తలకిందులుగా, నాలుగు కాళ్ళూ ఆకాశానికేసి. ఎవరు పెట్టారో తెలియదు. నేను పంపిన ఫోటో రెండుసార్లు తిరిగొచ్చింది. గుంత కనబడడం లేదు, అడ్డు తీసి మళ్ళీ పంపమని జవాబు.

ఫోన్ చేస్తే రాడోస్లావ్ నవ్వాడు. "ఓగ్నియానా గారూ, మీరు పంపింది కుర్చీ ఫోటో. కుర్చీలు బాగుచేసే శాఖ మా దగ్గర లేదు."

డిసెంబరు సాయంత్రం. ఐదు కూడా కాలేదు గానీ చీకటి పడిపోయింది. మా పాప కలీనాని నర్సరీ నుంచి తీసుకొస్తున్నాను. నది మీద నుంచి లేచిన పొగమంచు వీధి దీపాలను ఒక్కొక్కటిగా మింగేస్తోంది. బేకరీ తలుపులు వేసేశారు. బాల్కనీల్లోని పీపాల్లో ఊరుతున్న క్యాబేజీ పులుపు వాసన వీధంతా పట్టింది. ఎక్కడో కుక్క ఒకటి మొరిగి, మధ్యలోనే ఆపేసింది.

మలుపు పక్కనే త్సోనా మామ్మ ఇల్లు. కింది అంతస్తు. ఆవిడ కిటికీ తెరిస్తే గుంత కనబడుతుంది. మంచుకి ఎవరూ జారకుండా మెట్ల మీద ఉప్పు చల్లుతోంది. ఇవాళ కుర్చీ తీసి ఫోటో తీస్తానని చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"తియ్యకమ్మా," అంది.

ఒక్క నిమిషమేనని, మళ్ళీ పెట్టేస్తానని సర్దిచెప్పబోయాను. ఆవిడ గొంతు తగ్గించింది. ఇక్కడ తారు పోశారట, సిమెంటు పోశారట, మళ్ళీ మళ్ళీ కుంగిందట. వాళ్ళ అత్తగారి రోజుల్లో ఈ గుంతలో కుర్చీకి బదులు బట్టలుతికే తొట్టి ఉండేదట. ఏదో ఒకటి నిలబెట్టి ఉంచితే ఊరుకుంటుందట.

ఏది ఊరుకుంటుందని అడిగాను. మామ్మ కలీనాని చూసింది.

"నీ ఇష్టం. ముందు పిల్లని నాతో లోపలికి పంపు."

పాపని ఒకరింట్లో వదిలి నేను బయట నిలబడడమా? అది నా వల్ల అయ్యే పని కాదు. పరవాలేదు మామ్మా, నా దగ్గరే ఉంటుందిలే అన్నాను. ఆవిడ ఉప్పు డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గడియ పడిన చప్పుడు. ఆ తర్వాత కిటికీలో దీపం ఆరిపోయింది.

నా కోటు అంచు గట్టిగా పట్టుకోమని కలీనాకి చెప్పి, రెండు చేతులతో కుర్చీ కాళ్ళు పట్టుకుని లాగాను. రాలేదు. అటూ ఇటూ ఊపి లాగాను. గాఢంగా ఊపిరి పీల్చినట్టు చప్పుడు చేసి ఊడొచ్చింది.

లోపలి నుంచి గాలి వచ్చింది. వెచ్చని గాలి. మురుగు కంపు కొడుతుందనుకుని మొహం తిప్పుకున్నాను. మురుగు కాదు. తల్లినైన నాకు తెలియని వాసన కాదది. పాలు తాగి నిద్రపోయిన చంటిబిడ్డ నెత్తి వాసన.

వంగి ఫోటో తీశాను. ఫ్లాష్ వెలుగు అడుగుని తాకలేదు. పంపేశాను. ఈసారి వెంటనే అంగీకరించారు. అమ్మయ్య అనుకున్నాను.

ఫోన్ మళ్ళీ మోగింది. మీ ఫిర్యాదుకు మరొకరు మద్దతు తెలిపారు అని వచ్చింది. మా యాప్‌లో అది మామూలే. ఆ గుంత వల్ల ఇబ్బంది పడేవాళ్ళెవరైనా తమ ఫోటో కూడా జతచేయవచ్చు.

తెరిచి చూశాను.

చుట్టూ నలుపు. మధ్యలో గుండ్రంగా బూడిదరంగు వెలుగు. ఆ వెలుగులో వంగి చూస్తున్న మొహం ఒకటి. గడ్డం కింద ఫోన్ కాంతి.

అది నేనే.

ఫోటో కింది నుంచి తీశారు...

నా పక్కన కలీనా ఉంది. గుంత అంచున కూర్చుని ఉంది. ఒక కాలు లోపలికి వేలాడేసింది. ఫోటో తీస్తున్నవాళ్ళని చూసి నవ్వుతోంది.

కోటు అంచు తడుముకున్నాను. దాన్ని ఎవరూ పట్టుకుని లేరు.

మెల్లగా తల తిప్పాను. పొగమంచులో... నా మోకాలి పక్కనే... కూర్చుని ఉంది. ఎడమ కాలు మోకాలి దాకా లోపల.

"కలీనా..."

"ఉష్, అమ్మా," అని గుసగుసగా అంది. "పట్టుకుంది."

"ఎవరమ్మా?"

"గట్టిగా కాదులే. నొప్పి లేదు."

చంకల కింద చేతులేసి లాగాను. బలమంతా పెట్టి లాగాను. అంత బలం అవసరమే లేకపోయింది. తేలిగ్గా వచ్చేసింది. కావలసింది అయిపోయినట్టు వదిలేసింది. నాకు అసలైన భయం అప్పుడు పుట్టింది.

పాపని భుజాన వేసుకుని, కుర్చీని కాలితో గుంతలోకి తోశాను. ఇందాక అంత బిగుసుకున్న కుర్చీ ఎక్కడా తగలకుండా లోపలికి పోయింది. చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

పరిగెత్తాను. నా కాళ్ళ కింద ఊగుడు పలకలు టకటకలాడాయి. నేను దాటి వచ్చాక... వెనక... అవే పలకలు మరోసారి ఊగాయి. ఒక్కొక్కటే. తేలిగ్గా.

ఇంట్లోకి వచ్చి తలుపు వేసి, గొలుసు తగిలించి, అన్ని దీపాలూ వెలిగించాను. కలీనాని మంచం మీద కూర్చోబెట్టి ఒళ్ళంతా తడిమి చూశాను. గీత కూడా పడలేదు. అదృష్టవంతురాలినే అనుకుంటూ కిందికి వంగి బూట్లు విప్పబోయాను.

కుడికాలికి నేను కొన్న పసుపు బూటు ఉంది.

ఎడమకాలికి నల్లటి తోలు బూటు ఉంది. చాలా పాతది. పక్కన వరసగా గుండీలు. అన్నీ పద్ధతిగా పెట్టి ఉన్నాయి. పాపకి కుట్టించినట్టు సరిగ్గా సరిపోయింది.

"నాది బాగుందని అడిగింది," అంది కలీనా ఆవలిస్తూ. "తనది ఇచ్చింది."

గుండీలు విప్పి బూటు లాగేశాను. పాదం మంచుగడ్డలా ఉంది. ఒళ్ళో పెట్టుకుని రుద్దాను. ఎంత రుద్దినా వేడెక్కలేదు. లోపల తడి ఉందేమోనని ఆ బూటులో చెయ్యి పెట్టి చూశాను.

తడి లేదు. ఎవరో ఇప్పుడే కాలు బయటికి తీసినట్టు వెచ్చగా ఉంది.