తుండుగుడ్డ కింద పౌండు

"రేటు ఆమె చేతిలోంచి దాటకూడదు. అవసరమైతే కాల్చెయ్."

డెబ్బై ఐదు సెప్టెంబరు. నందిగామలో ఓ ఫొటో స్టూడియో డార్క్‌రూమ్. ఎర్రబల్బు వెలుతురులో చీఫ్ దశరథరామయ్య ముఖం చూస్తే, ఆ మాట అనడం ఆయనకీ ఇష్టం లేదని తెలుస్తోంది. ఏజెంట్ భవానీప్రసాద్ బల్లమీది ఫొటో వంక చూశాడు. చలువ కళ్లద్దాలు, మద్రాసు హోటళ్లలో ఎంతోమంది తలలు తిప్పించిన నవ్వు. కమలాకుమారి. ఆమెను డిపార్ట్‌మెంటులోకి తెచ్చింది అతనే.

"ఆమె మన మనిషి సర్."

"మార్టిన్ ముఠాలోకి పంపిన రోజున మన మనిషే. రెండు నెలలుగా ఒక్క రిపోర్టు లేదు." చీఫ్ సిగరెట్ నలిపేశాడు. "ఇన్నేళ్లూ రూపాయిని పౌండుకి కట్టేసి ఉంచాం. అది తూలితే మనమూ తూలాం. ఈ సాయంత్రం ఆ ముడి విప్పేస్తున్నారు. కొత్త రేటు రేడియోలో చెబుతారు. ఆ రేటు ఢిల్లీలో లీకై కమల దగ్గరికి చేరింది. మార్టిన్‌కి ముందే తెలిస్తే, పౌండ్లు కొనాలో అమ్మాలో లండన్‌లో వాడి మనుషులు తేల్చుకుంటారు. మన పొగాకూ మిర్చీ అమ్మి తెచ్చుకున్న సొమ్మంతా ఊడ్చుకుపోతారు."

"ఎక్కడ అందిస్తుంది?"

"ఫోన్లు మనం వింటున్నామని వాడికి తెలుసు. కాగితమైతే సోదాలో దొరుకుతుంది. అందుకని జగ్గయ్యపేట పశువుల సంత ఎంచుకున్నారు. మార్టిన్‌ది ఒంగోలు గిత్తలు కొనడానికొచ్చిన బ్రెజిల్ దొర వేషం. కమల అమ్మేవాళ్ల తరఫు మనిషి. మధ్యలో దళారీ."

భవానీప్రసాద్‌కి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. వీరులపాడులో అతని తాత పశువుల దళారీ. సంతలో ధర నోటితో చెప్పరు. దళారీ తుండుగుడ్డ కప్పితే, దానికింద అమ్మేవాళ్లు అతని వేళ్లు నొక్కుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత అంకె; ముందు పదులు, తర్వాత ఒకట్లు, పిడికిలి అంటే సున్నా. దళారీ వెళ్లి కొనేవాడి వేళ్లు అలాగే నొక్కుతాడు. పక్కన నిలబడ్డవాడికి కూడా అంతు చిక్కదు.

"అసలు దళారీ సాంబయ్య అది ఎద్దుల ధరే అనుకుంటున్నాడు. పక్కగదిలో కూచోబెట్టి టీ ఇప్పించాం. అతని తలపాగా నీకు."

"ఆమె మనవైపే ఉంటే సర్?"

"మన కోడ్ పాత పౌండు ధరలు. అరవై ఆరు జూన్‌కి ముందు పదమూడూ ముప్పై మూడు, అంటే 'ఆగు'. డీవాల్యుయేషన్ అయ్యాక ఇరవై ఒకటి, అంటే 'నన్ను నమ్ము'. ఆమెకి నేర్పింది నువ్వే. ఇప్పటి ధర పద్దెనిమిదీ చిల్లర. కొత్తది దానికి కొన్ని పైసలు అటో ఇటో." చీఫ్ గొంతు తగ్గింది. "పద్దెనిమిది నొక్కిందంటే అమ్ముడుపోయినట్టే. నువ్వు అంకె మార్చి చెప్పినా, అసలుది మరో దారిన వాడికి చేరవేస్తుంది."

సంతంతా దుమ్ము, పేడవాసన, అరుపులు. నెరిసిన గడ్డం, తలపాగా, భుజాన తుండుగుడ్డతో భవానీప్రసాద్ గిత్తల మధ్య నడిచాడు. నడుం దగ్గర పంచె మడతలో ఎడమచేతికి చల్లగా పిస్టల్ తగులుతోంది.

కమల ఓ తెల్లగిత్తల జత పక్కన నిలబడి ఉంది. నేతచీర, మెడలో నల్లపూసలు. ఎంత దాచినా ఆ కళ్లు దాగలేదు. ఆమె వెనక రెండడుగుల్లో మార్టిన్ డ్రైవరు చిన్నబాబు. వాడి చొక్కా జేబు బరువుగా వేలాడుతోంది. గిత్తల యజమాని బ్రహ్మయ్య మాత్రం నిజంగానే బేరం జరుగుతోందనుకుని వాటి మూపులు నిమురుతున్నాడు.

"అమ్మా, అరవై ఆరు నాటి ధరలు ఇప్పుడు రావండి. చూసి చెప్పండి," అన్నాడు భవానీప్రసాద్, గొంతు మార్చి.

కమల రెప్ప కూడా కదల్లేదు. తుండుగుడ్డ కిందికి చెయ్యి పెట్టింది.

ఒక వేలు పట్టుకుంది. అంటే పది. అతని ఎడమచెయ్యి ట్రిగ్గర్ మీద బిగుసుకుంది. దేవుడా, వద్దు, అనుకున్నాడు.

రెండో వేలు కూడా పట్టుకుంది. ఇరవై. వదిలి, మళ్లీ ఒక్క వేలు. పైసల దగ్గర పిడికిలి మూసేసింది.

ఇరవై ఒకటి.

అతను పిస్టల్ వదిలేసి, కాస్త దూరంలో జీపు పక్కన నిలబడ్డ మార్టిన్ దగ్గరికి వెళ్లి ఆ లావుపాటి చేతిమీద గుడ్డ కప్పాడు. రెండు వేళ్లు, ఒక వేలు, పిడికిలి. మార్టిన్ కళ్లు మెరిశాయి. పౌండు పెరుగుతోంది! తొందరగా జీపెక్కి థర్మోస్ ఫ్లాస్కు మూత తిప్పాడు. అందులో దాచిన వైర్‌లెస్ సెట్టులోంచి సన్నని ఏరియల్ పైకి లేచింది.

"బేరం కుదిరిందా? ఎంతకి?" అన్నాడు బ్రహ్మయ్య.

"ఇరవై ఒకటి," అన్నాడు భవానీప్రసాద్, వేరే లోకంలో ఉండి.

చిన్నబాబు కమల మోచెయ్యి పట్టుకుని బండ్ల వెనక్కి నడిపిస్తున్నాడు. పనైపోయిన మనిషిని ముఠా ఎక్కడికి నడిపిస్తుందో భవానీప్రసాద్‌కి తెలుసు. ఇప్పుడే కదిలితే మార్టిన్ అనుమానించి మెసేజ్ ఆపేస్తాడు. ఆలస్యమైతే కమల ఉండదు. ఏరియల్ ఇంకా పైనే ఉంది. కమల ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఏరియల్ లోపలికి జారింది.

అతను ఒక్క దూకులో బండి దాటాడు. చిన్నబాబు తన జేబులోంచి పిస్టల్ తీసి ఆమె వీపుకి ఆనించబోతున్నాడు. తుండుగుడ్డ వాడి ముఖమ్మీద పడింది. పిస్టల్ ఆకాశంలోకి పేలింది. గిత్తలు బెదిరాయి, సంత చెల్లాచెదురైంది. మఫ్టీలో ఉన్న పోలీసులు జీపుని చుట్టుముట్టారు.

కమల కిందపడ్డ గుడ్డ తీసి దులిపింది. "వీడు పొద్దస్తమానం నా వెనకే. రిపోర్టు ఎలా పంపేది? మీరు రాకపోయినా ఇరవై ఒకటే నొక్కేదాన్ని ప్రసాద్ గారూ." గుడ్డ మడిచింది. "మీ రెండో చేతిలో ఏముందో తెలుసు."

"ఆర్డరు," అన్నాడతను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "తప్పు నాది కమలా. నమ్మాల్సింది."

"నమ్మారుగా. కాస్త ఆలస్యంగా." ఆమె గుడ్డని అతని భుజాన వేసింది.

సాయంత్రం టీకొట్టు రేడియోలో వార్తలొచ్చాయి. రూపాయికీ పౌండుకీ ముడి వీడింది. పౌండు పద్దెనిమిది రూపాయల ముప్పై పైసలకి దిగింది. ఇరవై ఒకటి అవుతుందని ఉన్నదంతా పెట్టి పౌండ్లు కొన్న ముఠా పెద్ద మార్టిన్, చేతులకి బేడీలతో ఆ వార్త విని బెంచీమీద కూలబడ్డాడు.

అప్పుడే బ్రహ్మయ్య గిత్తల్ని తోలుకుంటూ వచ్చాడు. "ఏవయ్యా దళారీ! దొరని మీరు తీసుకుపోతే నాకేం? చెయ్యి కలిపింది నువ్వు. ఇరవై ఒక్క వందలన్నావ్. సంతలో చెయ్యి కలిపాక కొనేవాడు జారుకుంటే దళారీయే కొనాలి. మీ తాతనడుగు!"

తాత పోయి చాలాకాలమైంది కానీ, బతికున్నా అదే మాట అనేవాడు. పక్కనే టీ తాగుతున్న చీఫ్ జేబులు తడుముకుంటూ గిత్తల వంక చూశాడు.

"ఢిల్లీకి బిల్లు పంపాలి ప్రసాద్. వీటిని ఏమని రాయను?"

"స్పెషల్ గాడ్జెట్స్ అని రాయండి సర్. గడ్డి వేరే హెడ్డులో పెట్టండి."