ఇటలీ నీలం చీర

1969లో దిల్‌సుఖ్‌నగర్ సందులో నేతగాడు నర్సింహులు పొడుగ్గా చాచి కట్టిన పడుగు మీద ఫుట్‌బాల్ వచ్చి పడింది. దారాలు పటపటా తెగాయి.

"ఎవర్రా అది?" అని మండిపడుతూ తలెత్తాడు. ఓణీ చెంగు నడుముకు దోపుకుని సీతామహాలక్ష్మి నిలబడి ఉంది. గుంటూరు నుంచి వచ్చిన గుమాస్తా రామస్వామి గారి కూతురు. అతని కోపం సగం అక్కడే చల్లారింది.

"గిదేమన్న గ్రౌండా? నూలంత తెంపినవ్!"

"తెలంగాణ ఉద్యమమని కాలేజీలు మూయించింది మీవాళ్లేగా? మరెక్కడ ఆడమంటారు?"

అనడమైతే అంది గానీ, పక్కన కూర్చుని తెగిన పోగులు అతికించింది. అతికిస్తూ, వాళ్ల నాన్న దగ్గర విన్న వరల్డ్ కప్ కథ మొదలుపెట్టింది.

"మొదటి కప్పు ఉరుగ్వేది. తర్వాత రెండూ ఇటలీవే. యుద్ధమొస్తే ఇటలీలో ఒకాయన ఆ కప్పును చెప్పుల డబ్బాలో పెట్టి మంచం కింద దాచాడట!"

"మరి దొంగలెత్తుకపోలే?"

"వాళ్లు ఇంగ్లండులో ఎత్తుకెళ్లారు లెండి. ఒక కుక్క కనిపెట్టింది."

"జబర్దస్త్ కుక్క!"

"మూడుసార్లు గెలిస్తే కప్పు శాశ్వతంగా సొంతం. ఉరుగ్వే, ఇటలీ, బ్రెజిల్ రెండేసిసార్లు గెలిచాయి. వచ్చే ఏడు మెక్సికోలో తేలిపోతుంది. చూడండి, ఇటలీదే!"

కథ చెబుతుంటే ఆమె కళ్లు మెరిసిపోయాయి. ఇంత ప్రపంచం ఈ పిల్లకెలా తెలిసిందా అని నర్సింహులు నోరు తెరుచుకుని విన్నాడు. ఆ రోజు నుంచి రోజూ విన్నాడు.

గొడవల్లో ఎవరో విసిరిన రాయికి రామస్వామి గారి కిటికీ అద్దం పగిలింది. మర్నాడే కొత్త అద్దం తెచ్చి బిగించింది నర్సింహులే. అయినా ఆయన భయపడి బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు. మరుసటేడు జూన్‌లో గుంటూరుకు ఆర్డరు వచ్చింది.

అప్పటికే నర్సింహులు ఒక చీర మొదలుపెట్టాడు. పోచంపల్లి పనిలో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దాలి. తర్వాత మార్చడానికి వీల్లేదు. అందుకే పోటీలు మొదలుకాకముందే ఇటలీ జట్టు చొక్కా నీలం అద్దేశాడు. ఇటలీ గెలిచిన రోజున చీర ఇచ్చి, మనసులో మాట చెప్పేద్దామని.

ఇటలీ ఫైనల్ దాకా వచ్చింది. బ్రెజిల్ చేతిలో చిత్తుగా ఓడింది.

సామాన్లు మూటగట్టిన ఇంటి ముందు, వానలో తడుస్తూ, చీర వెనక దాచుకుని నిలబడ్డాడు.

"ఓడిపోయిన రంగు. నీకెట్ల ఇయ్యాలె?"

"కొన్నాళ్లు ఆగి, గెలిచినవాళ్ల రంగు వేయాల్సింది!"

"మా పనిల ఆగుడుండది. ముందుగాల నమ్మాలె, తర్వాత నెయ్యాలె."

ఆమె చటుక్కున చీర లాక్కుంది. కళ్లు చెమ్మగిల్లాయి. "గెలిచాక మెచ్చుకునేవాళ్లు బోలెడుమంది. ఆటకు ముందే నమ్మినవాడు మీరొక్కరే. కానీ కప్పు సొంతం కావాలంటే మూడుసార్లు గెలవాలిగా? మీరు ఒక్కసారైనా అడగలేదు."

"పోకు," అన్నాడు.

"ఒకటి."

"నువ్వు లేకుంటే నాకు దిల్ పట్టది."

"రెండు."

"నన్ను చేసుకుంటవా?"

సిగ్గుతో ఆమె చీరలో మొహం దాచుకుంది.

"మూడు!" వరండాలోంచి రామస్వామి గారి గొంతు. "అద్దం బిగించిననాడే అనుకున్నా. ఇక కప్పు నీదేనయ్యా నర్సింహులూ! గుంటూరు మేమే పోతాం."

"కప్పు నేను కాదు నాన్నా," సీతామహాలక్ష్మి చీరను గుండెకు హత్తుకుంది. "ఈయనే. గెలిచింది నేను!"