ఆరింటికి పలకనివాళ్లు

"రిప్లై, రిప్లై, రిప్లై, రిప్లై. నాలుక్కి నాలుగూ వచ్చినాయక్కా," అన్నాడు నెట్‌వర్క్ బాగుచేసే ఖాసీం, లాప్‌టాప్ తెరను ఓబులమ్మ వైపు తిప్పి. "నెట్‌వర్క్ బాగుంది. నీ ఫిర్యాదు టికెట్ క్లోజ్ చేస్తాండా."

"చెయ్యి. మూడోసారి చెయ్యి," అంది ఓబులమ్మ. "మా ఆయన ఆ మంచం మీద కూర్చోని ఉండాడు, నువ్వే చూస్తాండావు. ఆసుపత్రిలో మాత్రం సచ్చిపోయినాడంట. నీ నాలుగు రిప్లైలూ తీస్కపోయి ఆ కౌంటర్లో ఉండేవాని మొగాన కొట్టు పో."

మంచం మీదున్న మనిషి పేరు తిప్పన్న. లేత్ మెషిన్ మీద ఇరవై ఏళ్లు పనిచేసినవాడు. రెండేళ్ల కిందట రెండు కిడ్నీలూ పోయాయి. ప్రతి మంగళవారం, శుక్రవారం ఆసుపత్రిలో నాలుగో నంబరు మంచం మీద పడుకుని డయాలసిస్ చేయించుకుంటాడు. నిన్న మంగళవారం వెనక్కి పంపేశారు. పాదాలు అప్పుడే చెప్పుల్లో పట్టడం లేదు. శుక్రవారం కూడా తప్పితే ఏమవుతుందో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

పెన్నకోట ఊళ్లో, రాళ్లబావి కాలనీలో, ఇప్పటికి ఇంకో ఇరవై ఏళ్లకు జరగబోయే సంగతి ఇది. అప్పటికి ప్రతి మనిషి మణికట్టు చర్మం కింద బియ్యపు గింజంత పూస ఒకటి ఉంటుంది. దాని పేరు 'పలుకు'. రాజధానిలోని జీవస్పందన కేంద్రం రోజూ ఉదయం ఆరింటికి ప్రతి పూసనూ నాలుగుసార్లు పిలుస్తుంది. నాడి కొట్టుకుంటూ ఉంటే పూస 'ఉన్నాను' అంటుంది. వారంలో మూడు ఉదయాలు జవాబు రాకపోతే ఆ మనిషి చనిపోయినట్టు. పేరు పక్కన లిస్టులో పచ్చ చుక్క తీసేసి ఎర్ర చుక్క పెడతారు. ఎర్ర చుక్క ఉన్న పేరు మీద ఏ ఆసుపత్రిలోనూ డయాలసిస్ మెషిన్ స్టార్ట్ కాదు.

ఇందులో కొత్తగా కనిపెట్టింది పూసను మాత్రమే. పిలుపు చాలా పాతది. కంప్యూటర్ల వాళ్లు దాన్ని పింగ్ అంటారు. ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని 'ఉన్నావా?' అని అడుగుతుంది. అది 'ఉన్నా' అంటే రిప్లై. ఏ జవాబూ రాకపోతే 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని తెర మీద పడుతుంది. దానర్థం జవాబు రాలేదనే, అవతలిది చచ్చిందని కాదు. వైరు ఊడి ఉండొచ్చు, దారిలో ఏ డబ్బానో ఆగిపోయి ఉండొచ్చు. నెట్‌వర్క్ పని నేర్చుకునేవాళ్లకు మొదటి రోజు చెప్పే పాఠమిది. కంప్యూటర్ల విషయంలో అంత జాగ్రత్తగా ఉండే పెద్దలు, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠాన్ని ఎట్లా మింగేశారో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఖాసీంకు పాఠం గుర్తుంది. అందుకే వచ్చిన ప్రతిసారీ వరసగా పింగ్ చేశాడు. ముందు తన లాప్‌టాప్‌ను తానే పిలుచుకున్నాడు. తర్వాత గోడకు బిగించిన తెల్ల బాక్సును, తర్వాత వీధి చివరి టవర్‌ను, ఆఖరికి రాజధానిలోని కేంద్రాన్ని. అన్నీ పలికాయి. శనివారం టికెట్ క్లోజ్ చేశాడు. సోమవారం చేశాడు. క్లోజ్ చేసిన ప్రతిసారీ ఓబులమ్మ ఫోనుకు ఒకే మెసేజ్: 'మీ సమస్య పరిష్కరించబడినది. మా సేవ పట్ల సంతోషంగా ఉన్నారా?'

ఓబులమ్మ బతికే ఉన్నట్టు లిస్టులో ఉంది. తెల్లవారకముందే బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో పనికి పోతుంది కాబట్టి ఆరింటికి ఆమె పూస హోటల్ గోడకున్న తెల్ల బాక్సు నుంచి పలుకుతుంది. అందుకే ఫిర్యాదు ఆమె పేరున తీసుకున్నారు. తిప్పన్న పేరున తీసుకోరు. చనిపోయినవాళ్ల ఫిర్యాదులు తీసుకోకూడదని రూలు.

"ఖాసీం, ఒక్క మాట చెప్పు," అంది ఓబులమ్మ. "మీ కేంద్రం మమ్మల్ని ఎన్ని గంటలకు పిలుస్తాది?"

"పొద్దున ఆరింటికి."

"నువ్వొచ్చి పిలిచేది?"

"పదకొండింటికి."

"ఎందుకు?"

ఖాసీం లాప్‌టాప్ మూసేశాడు. "డ్యూటీ పదింటికక్కా. రోజుకు పద్నాలుగు ఇండ్లు."

"ఆరింటికి పోయిన మనిషిని పదకొండింటికి వచ్చి ఎతికితే దొరుకుతాడా? రేపు ఆరింటికి రా. రాలేదంటే నీ బండి మీద మా ఆయన్ను కూర్చోబెట్టుకోని మీ ఆఫీసుకే వస్తా. సచ్చినోడు మెట్లెక్కుతాంటే మీవోళ్లు చూస్తారు."

ఖాసీం వస్తానన్నాడు. అయితే మర్నాడు అతను ఒక్కడే రాలేదు. ఆ నెలలో రాళ్లబావి కాలనీలో రెండువందల పన్నెండు మంది చనిపోయినట్టు లిస్టు చూపిస్తోంది. కేంద్రంలో అది చూసి ఏదో మాయదారి జ్వరం పాకుతోందని హడలిపోయారు. గురువారం ఐదున్నరకు తెల్ల బట్టలు, మాస్కులతో ఒక వ్యాను దిగింది. చచ్చినవాళ్లంతా కుళాయిల దగ్గర బిందెలు వరసగా పెట్టుకుని, వీళ్లెవరబ్బా అని చూస్తున్నారు.

వ్యానులోంచి ముందు దిగింది డాక్టర్ హైమవతి. పలుకును కనిపెట్టింది ఆమే. ఆమె తమ్ముడు ఒక నగరంలో అద్దె గదిలో ఒంటరిగా చనిపోతే ఐదు రోజులు ఎవరికీ తెలియలేదు. ఇంకెవరికీ అట్లా జరగకూడదని పదేళ్లు కష్టపడి ఈ యంత్రం చేసింది. ఆమె మంచిది. మంచివాళ్ల మీద కోపం తెచ్చుకోవడం కష్టం. అయినా తెచ్చుకుంటున్నాను.

నాలుగో వరసలో ఒంటరిగా ఉండే గంగమ్మ ఆమెకు ఎదురొచ్చి ఫోను చూపించింది. గంగమ్మకూ కిడ్నీలు చెడ్డాయి. వారానికి ఒకసారి, మంగళవారం, డయాలసిస్. "రాత్రి నేనూ సచ్చిపోయినానంట మేడమ్. ఇదో, మెసేజ్ వచ్చింది. నా తరఫున ఫిర్యాదు చేసేకి ఇంట్లో ఇంకెవురూ లేరు. వచ్చే మంగళారం నన్ను రానిస్తారా?"

హైమవతి మెసేజ్ చదివింది, ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూసింది, ఖాసీం వెనకాల తిప్పన్న ఇంట్లోకి నడిచింది. హోటలుకు సెలవు పెట్టి ఓబులమ్మ అక్కడే ఉంది.

ఐదూ యాభై ఐదుకు ఖాసీం తిప్పన్న పూసకే పింగ్ మొదలుపెట్టాడు. ఈసారి నాలుగుతో ఆపకుండా, ఆపేదాకా పిలుస్తూనే ఉండేట్టు పెట్టాడు. రిప్లై. రిప్లై. రిప్లై. తిప్పన్న పూస చక్కగా పలుకుతోంది. హైమవతి మాస్కు తీసి, "చూశారా, యంత్రంలో లోపం లేదు," అంది.

ఆరుకు రెండు నిమిషాలుందనగా వీధి మొదట్లో ఎవరో "నీళ్లూ!" అని కేక పెట్టారు.

తిప్పన్న గోడ పట్టుకుని లేచాడు. ఆయాసపడుతూ గడప దగ్గరికి పోయి, తెల్ల బాక్సు ప్లగ్గు పీకి, దాని చోట చిన్న మోటారు ప్లగ్గు గుచ్చాడు. మోటారు గుర్రుమంది. బిందెలోకి సన్నటి ధార పడింది. వీధి పొడుగునా ప్రతి ఇంట్లోంచీ అదే చప్పుడు.

రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్.

రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్.

రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్.

హైమవతి తెర మీంచి గడప వైపు చూసి అడిగింది. "బాక్సు ప్లగ్గు ఎందుకు తీశారు?"

"నీళ్లొచ్చినాయి కదా మేడమ్," అన్నాడు తిప్పన్న. ఆ ప్రశ్న అతనికి అర్థం కాలేదు. "మంగళారం, గురువారం, శనివారం ఇడుస్తారు. ఈ నెల నుంచి టైము ఆరింటికి మార్చినారు, నలభై నిమిషాలే. మోటరు పెట్టకపోతే చుక్క ఎక్కదు. వాకిట్లో ఉండేది ఒకటే ప్లగ్గు."

"మీ పూస ఆ బాక్సు ద్వారానే మాట్లాడుతుందని మీకెవరూ చెప్పలేదా?"

"పూస నా చేతిలో కదా ఉండేది," అన్నాడు తిప్పన్న, మణికట్టు చూపించి. "గోడకుండే డబ్బా టీవీదనుకున్యా."

ఓబులమ్మ అక్కడే కూలబడింది. నీళ్లు పట్టమని రోజూ చెప్పి పోయింది ఆమే. డాక్టరు తిప్పన్నను రోజుకు అర లీటరుకు మించి తాగొద్దన్నాడు. ఆ అర లీటరు తాగే మనిషి ఇంటిల్లిపాదికీ బిందెలు నింపడానికి, వారానికి మూడుసార్లు తన చేత్తోనే తన పేరును చంపుకుంటూ వచ్చాడు. ఆమెకు ముందు తన మీద కోపం వచ్చింది. తర్వాత అది తిరగాల్సిన వైపు తిరిగింది.

"ఆరింటికే ఎందుకు పిలవాల మేడమ్?"

"ఆ వేళకు అందరూ ఇంట్లోనే, నిద్రలో ఉంటారని..."

"ఎవురు నిద్రలో ఉంటారు? మీ ఇంట్లో కుళాయి ఎప్పుడు తిప్పినా నీళ్లొస్తాయి, మీరు పండుకుంటారు. ఇంత పెద్ద మిషను చేసినారే, ఒక్క దినం ఏ ఊర్లోనైనా కుళాయి కాడ నిలబడి చూసినారా?"

హైమవతి తల వంచుకుంది. "చూడలేదమ్మా. తప్పు నాదే."

"తప్పొప్పుకుంటే ఆయన కాళ్ల వాపు దిగదు. రేపు శుక్రవారం. ఆ లిస్టులో పచ్చ చుక్క పెట్టించండి, చాలు."

గోటితో పోయే పని అని మీరూ అనుకుంటారు. హైమవతి కూడా అట్లాగే అనుకుని కేంద్రానికి ఫోను చేసింది. పది నిమిషాలు మాట్లాడి ఫోను పెట్టేసింది. ఎర్ర చుక్కను పచ్చగా మార్చే బటన్ ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. చచ్చినవాళ్లు తిరిగి రారు కదా అని పెట్టలేదు. పెట్టనక్కర్లేదని సంతకం చేసింది ఆమే. కొత్తగా రాసి, పరీక్షించి, కమిటీ చేత ఒప్పించడానికి రెండు రోజులు పడుతుంది.

తిప్పన్నను ఆసుపత్రికి తానే స్వయంగా తీసుకుపోయింది. తన కార్డు చూపించింది, బతిమాలింది, అరిచింది కూడా. కౌంటర్లో మనిషి తల ఎత్తకుండా లిస్టులో వేలు పెట్టి చూపించాడు. "ఎర్ర చుక్క మేడమ్. మెషినే స్టార్ట్ కాదు, నేనేం చెయ్యను?" అతని ముందే తిప్పన్న గోడకు ఆనుకుని, నోటితో గాలి పీలుస్తూ నిలబడి ఉన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారిని తయారుచేసింది దేవుడే.

ఆ రోజు మధ్యాహ్నం ఖాసీం పాత బాక్సు విప్పి, బ్యాటరీ ఉన్న కొత్త బాక్సు బిగించాడు. ఫిర్యాదు చేసిన ఇళ్లకే ముందు ఇమ్మన్నారు. అందులో హైమవతి ఒక కొత్త ఏర్పాటు చేసింది. ఎప్పుడైనా పూస పలక్కపోతే, బాక్సు దాని చివరి జవాబును గుర్తుపెట్టుకుని అదే మళ్లీ చెబుతుంది. ఇక ఎవరి పేరూ అన్యాయంగా పోదు.

"మరి మనిషి నిజంగానే పోతే?" అని అడిగింది ఓబులమ్మ.

"ఎన్నాళ్ల వరకు చెప్పాలన్నది కమిటీ తేలుస్తుందమ్మా," అంది హైమవతి. ఆ రాత్రి నిద్రపోకుండా బటన్ రాయడానికి రాజధానికి బయలుదేరింది.

శుక్రవారం నాలుగో నంబరు మంచం మీద వేరెవరో పడుకున్నారు. తిప్పన్న శుక్రవారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, ఓబులమ్మ చెయ్యి పట్టుకుని పోయాడు. ఆఖర్న గుక్కెడు నీళ్లు అడిగాడు. ఆమె చెంబెడు ఇచ్చింది.

శనివారం మధ్యాహ్నం బటన్ తయారైంది. కమిటీ ఒప్పుకుంది. కేంద్రం పిలిచింది, గోడ మీది బాక్సు శుక్రవారం నాటి జవాబును నాలుగుసార్లు చెప్పింది. ఓబులమ్మ ఫోనుకు మెసేజ్ వచ్చింది: 'శ్రీ తిప్పన్న గారు జీవించి ఉన్నట్లు నిర్ధారించబడినది. మంగళవారం, మంచం నంబరు 4. మా సేవ పట్ల సంతోషంగా ఉన్నారా?'

సోమవారం ఖాసీం వచ్చి లాప్‌టాప్ తెరిచి తిప్పన్న పూసను పిలిచాడు. రిప్లై, రిప్లై, రిప్లై, రిప్లై. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ జవాబు తప్పక్కా. ప్లగ్గు పీకి బ్యాటరీ తీసేస్తా. రిపోర్టు రాయాల."

"చెయ్యి పెట్టినావంటే ఇరగ్గొడతా," అంది ఓబులమ్మ. "బతికుండి పలికితే సచ్చినాడన్యారు. సచ్చినాక పలుకుతాంటే బతికినాడంటాండారు. వాళ్ల మాటే ఉండనీ. గంగమ్మకు బాక్సు ఎప్పుడిస్తారు?"

"ఫిర్యాదు లేదు కదక్కా. కొత్త బాక్సు పలికితేనే పచ్చ చుక్క పెడతారంట. ఇంగా పది దినాలు పట్టొచ్చు."

"ఆమె పది దినాలు ఉండదు. నువ్వు టికెట్ క్లోజ్ చేస్కో. క్లోజ్ చేసేది నీకు బాగా వచ్చు కదా."

ఖాసీం 'సమస్య లేదు' అని టైప్ చేసి క్లోజ్ చేశాడు. తన ఉద్యోగంలో తెలిసి రాసిన మొదటి అబద్ధం అది. తెలియక రాసినవి చాలా ఉన్నాయి.

మంగళవారం ఆరింటికి నీళ్లొచ్చాయి. ఓబులమ్మ బాక్సు ప్లగ్గు ముట్టుకోలేదు. మోటారు పక్కన పడేసి, చేతిపంపు నుంచి రెండు బిందెలు మోసుకొచ్చింది. ఎనిమిదింటికి గంగమ్మను ఆటోలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పోయింది.

కౌంటర్లో అదే మనిషి. తల ఎత్తకుండా లిస్టులో వేలు దించాడు. పచ్చ చుక్క దగ్గర వేలు ఆగింది.

"తిప్పన్న?" అని పిలిచాడు.

ఓబులమ్మ గంగమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ, ఉండా," అని పలికింది గంగమ్మ.

"నాలుగో మంచం," అన్నాడతను.