రెండే స్క్రూలు

ఇల్లాలు పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి ముందుగదిలో భోజనాల బల్ల గోడవారకు జరిగిపోయి ఉంది. భర్త నేల మీద మోకాళ్ళు ఆనించి టేపుతో కొలుస్తున్నాడు.

"ఎనిమిది అడుగులు. సరిగ్గా పడుతుంది," అన్నాడు.

"మనం ఎక్కడ పడి ఉండాలో అది కూడా కొలిచెయ్యండి," అంది ఆమె. "ఇరవయ్యొక్కేళ్ళ పిల్లకి ఇప్పుడు జారుడుబల్ల ఏమిటో నాకైతే అర్థం కావట్లేదు."

కూతురు జడ వేసుకుంటూ వచ్చి నవ్వింది. "పిల్లలు ఎక్కే జారుడుబల్ల కాదమ్మా. నేల మీద పరిచే నున్నటి చెక్క. మేజోళ్ళతో ఈ చివర నుంచి ఆ చివరకు జారాలి. చివర్లో ఉన్న అడ్డకట్టెను కాలితో తన్ని మళ్ళీ వెనక్కి. స్కేట్లు లేకుండానే కాళ్ళకి అదే పని దొరుకుతుంది."

కూతురు పన్నెండేళ్ళుగా స్కేటింగ్ చేస్తోంది, ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తూ కూడా మానలేదు. పైకప్పు కారుతోందని, సాధన చేసే రింకును మరమ్మతులకు మూసేశారు. జట్టు సెలక్షన్లు నెలరోజుల్లో ఉన్నాయి. వచ్చే ఏడాదికి ఆమెకు అర్హత వయసు దాటిపోతుంది. ఇంట్లో జారుడు చెక్క పెట్టుకుని సాధన చెయ్యమన్నాడు కోచ్. కొని తెప్పించుకుంటే అది చేరేసరికి సెలక్షన్లు అయిపోతాయి. "వడ్రంగి కూతురివి, చెక్క కోసం ఎవరినో అడుగుతావా?" అన్నాడు తండ్రి.

మందపాటి ప్లైవుడ్ తెచ్చి దాని మీద మెరిసే మైకా షీటు అతికించాడు. అంచులు గరుకు కాగితంతో రుద్దాడు. ఒక్కరోజు పనికి ఆరు రోజులు పట్టింది. రెండు చివర్లా బిగించాల్సిన అడ్డకట్టెలు మిగిలినప్పుడు కూతురు పక్కన కూర్చుంది.

"నేను పట్టుకోనా నాన్నా?"

"అక్కర్లేదు తల్లీ. నువ్వు జారడం చూసుకో, చెక్క సంగతి నేను చూసుకుంటాను."

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాటిని బిగించేశాడు. సాయంత్రానికి చెక్క తయారుగా ఉంది. స్క్రూల తలలు కనబడకుండా లప్పం పెట్టి పైన రంగు వేశాడు. ఎంత ముద్దుగా ఉందంటే ఇల్లాలు కూడా సణగడం మరచిపోయి దాన్ని చేత్తో నిమిరి చూసింది.

తొమ్మిది రోజులు ఇల్లంతా ఆ చప్పుడే. జరజరా జారడం, కట్టెకు పాదం తగలడం, మళ్ళీ జరజరా. పదో రోజు పొద్దున కూతురు బలమంతా కూడదీసుకుని ఎడమవైపు తన్నింది. కట్టె ఊడిపోయింది. దానితో పాటే ఆమె వెళ్ళి భోజనాల బల్ల కాలికి కొట్టుకుంది. వంటింట్లో ఉన్న తల్లికి ముందు బల్ల కదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత కూతురి కేక.

చీలమండ పైన ఎముక రెండు చోట్ల విరిగింది. ప్లేటు పెట్టి ఆరు స్క్రూలు వేశారు. నడక వస్తుందన్నాడు డాక్టరు. స్కేటింగ్ గురించి అడిగితే, ఆ మాట ఏడాది తర్వాత మాట్లాడదాం అన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగో రోజు తల్లి ముందుగది ఊడుస్తూ మూల పడి ఉన్న కట్టెను ఎత్తింది. అందులోంచి లప్పం ముక్కలు రాలాయి. ఆరు కన్నాలు. రెండింటిలో వంగిన స్క్రూలు ఉన్నాయి. మిగతా నాలుగు ఖాళీ.

"ఇదేమిటండీ?"

అతను పేపరు మీద నుంచి తల ఎత్తలేదు. "సరుకు మంచిది కాదు. షాపువాడు మోసం చేశాడు."

"ఇక్కడ సరుకే లేదు."

ముందుగదిలోనే వేసిన మంచం మీద కాలు చాపుకుని ఉన్న కూతురు చెయ్యి చాచి కట్టెను తీసుకుంది. ఒక్కో కన్నం అంచును వేలితో తడిమి చూసింది. ఏ కన్నమూ గుండ్రంగా లేదు.

"నాన్నా, నా కాలికి ఆరు వేశారు. దీనికి నువ్వు రెండే వేశావు."

 అతను బల్ల మీది నీళ్ళ గ్లాసు అందుకుని పైకెత్తాడు. నీళ్ళు అంచు దాటి మణికట్టు మీదుగా కారి పేపరు మీద పడ్డాయి.

"చెయ్యి నిలవట్లేదు," అన్నాడు. "ఎనిమిది నెలలైంది. పని చేసే షెడ్డులో నా చేతికి రంపం ఇవ్వడం మానేశారు. చెక్కలు రుద్దే పని ఒక్కటే ఇస్తున్నారు. డ్రిల్లు పెడితే మొన జారిపోయింది. నాలుగు కన్నాల్లో స్క్రూ పట్టలేదు. రెండు చాలులే అనుకున్నాను."

"పట్టుకోనా అని అడిగాను కదా. నా చేతుల్తో బిగించేదాన్ని కదా."

"బిగించేదానివే. కానీ నా చెయ్యి చూసేదానివి." అతను గ్లాసు కింద పెట్టాడు. "నీ స్కేటింగ్ గురించి నాకేం తెలియదు తల్లీ. నీకు నేను చేసిపెట్టగలిగింది ఈ చెక్క ఒక్కటే. అదీ నావల్ల కాదని నీకు ఎలా చెప్పను?"

"చెప్పకుండా నన్ను దాని మీద నిలబెట్టావు," అంది కూతురు. గోడవైపు తిరిగి పడుకుంది.

తల్లి తడిసిన పేపరు తీసి నేల తుడిచింది. తుడుస్తూనే మెల్లగా అంది. "ఆయనకి సగం గ్లాసు టీయే పోస్తున్నాను ఎప్పటి నుంచో. నిండా పోస్తే ఒలుకుతోందని. ఎందుకు ఒలుకుతోందో నేనూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం."

 ఆ తర్వాత రోజుల్లో తండ్రి ముందుగది గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయేవాడు. కూతురు ఆ అడుగుల చప్పుడు విని కళ్ళు మూసుకునేది.

సెలక్షన్ల రోజునే ఆమెను కాలు చూపించుకోవడానికి ఆసుపత్రికి రమ్మన్నారు. తల్లి పట్టుబట్టి అదే పూట నరాల డాక్టరు దగ్గర భర్తకూ చీటీ రాయించింది. తల్లికి తను పని చేసే చోట సెలవు దొరకలేదు. తండ్రీకూతుళ్ళు ఇద్దరే వెళ్ళారు. వరండాలో బల్ల మీద, మధ్యలో ఒక మనిషి కూర్చునేంత ఎడం వదిలి కూర్చున్నారు.

నర్సు ఒక కాగితం, అట్ట ఇచ్చి అతని వివరాలు నింపమంది. అతను పెన్ను పట్టుకుని ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయాడు. చివరకు రెండూ కూతురి వైపు జరిపాడు.

ఆమె తీసుకుంది. పేరు రాసింది, వయసు రాసింది. "ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతున్నారు."

"ఎనిమిది నెలలు."

"డాక్టరుకైనా నిజం చెప్పు."

అతను నేల చూపులు చూశాడు. "ఏడాదిన్నర."

పెన్ను ఆగింది. ఎదురుగోడ గడియారంలో తొమ్మిదిన్నర. సెలక్షన్ల దగ్గర ఈ పాటికి అమ్మాయిలంతా గీత దగ్గర వంగి నిలబడి ఉంటారు. ఉదయం నుంచి ఆ నిమిషం ఎలా దాటాలా అని ఆమె ఆలోచిస్తూనే ఉంది. ఒక్క ఉదయమే ఇంత కష్టంగా ఉంటే, పద్దెనిమిది నెలలుగా ఆ చెయ్యి దాచుకుంటూ, రోజూ ఆ షెడ్డుకు వెళ్ళి, తన రంపం ఇంకొకరి చేతిలో చూసి, ఇంటికొచ్చి ఏమీ జరగనట్టు కూర్చున్న మనిషి పక్కనే ఉన్నాడు. ఒక్కడే ఉన్నాడు అన్నాళ్ళూ. కోపం పోలేదు. కానీ దాని కిందనుంచి ఏడుపు తన్నుకొచ్చింది.

"తర్వాతిది వృత్తి," అంది కళ్ళు తుడుచుకుని.

"అది వదిలెయ్ అమ్మా. ఇంకేం రాస్తావు."

ఆమె వడ్రంగి అని రాసింది. అతను చదివాడు.

"ఇంక కాదు కదా."

"తెలుసు నాన్నా."

సంతకం మాత్రం అతనే పెట్టాలి. పెట్టాడు. గీత గడి దాటి, కింది వరుస మీదకు పాకి, కాగితం అంచు దగ్గర ఆగింది. దాన్ని చూసి అతను కూతురి ఎదుట మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఊతకర్ర పక్కకు నెట్టి, మధ్యలో ఉన్న ఎడంలోకి జరిగి, అతని భుజానికి తల ఆనించింది. ఆ చెయ్యి వణుకు ఆమె చెంప దాకా తెలుస్తోంది.

లోపల నుంచి అతని పేరు పిలిచారు. ఎవరు ఎవరిని లేపాలో తెలియక ఇద్దరూ ఒక్క క్షణం అలాగే ఉండిపోయారు.