పాత మాట

బూడిద రంగు కారు సిగ్నల్ దాటేసింది.

ఎర్ర లైటు పడింది!

"ఆగొద్దు శేఖరన్నా" అంటుంది అమల.

మునిశేఖర్ ఆగడు. హారన్ మీద చేయి పెట్టి, ఎదురొచ్చే బస్సుకీ పూలబండికీ మధ్యలోంచి కారు దూర్చేస్తాడు. పక్క అద్దం దేనికో తగిలి మడతపడుతుంది. వెనక ఎవరో తిడుతున్నారు.

సాయంత్రం ఏడు కూడా కాలేదు. కార్తీక మాసపు ముసురు. తిరుపతిలో అప్పుడే చీకటి పడిపోయింది.

ముందు రెండు ఎర్ర దీపాలు. వానలో కరిగిపోతున్నట్టు...

అమల చేతిలో ఫోన్ మోగుతుంది. స్క్రీన్ మీద ధర్మేంద్ర పేరు. అణుకేంద్రం సెక్యూరిటీ ఆఫీసర్. ఇప్పుడు ఆమెకున్న ఒకే ఒక్క దిక్కు.

"కారు కనిపించిందా అమలా?"

"ముందరే ఉండాది సార్. రేణిగుంట వైపు పోతాంది."

"అది పుత్తూరికే. పెంచలయ్య దగ్గరికి. వాళ్ళకంటే ముందర నువ్వు చేరాల. సరేనా?"

ఫోన్ కట్.

పెంచలయ్య!

అమల ఆయన నంబరు మళ్ళీ నొక్కుతుంది.

రేపు పొద్దున పది గంటలకు మీటింగ్. లీలామహల్ సర్కిల్ దగ్గర హోటల్లో చిన్న హాలు. సత్యవేడు అవతల, సముద్రం వైపున్న అణుకేంద్రానికి పని చేసే కాంట్రాక్టర్లు పదకొండు మంది. కెమెరాలు బిగించేవాళ్ళు, కేబుళ్ళు లాగేవాళ్ళు, కంప్యూటర్లు చూసేవాళ్ళు, తలుపులు చేసేవాళ్ళు. వాళ్ళందరినీ ఒక వర్కింగ్ గ్రూపుగా ఒకచోట కూర్చోబెట్టడానికి అమలకు రెండేళ్ళు పట్టింది.

రెండేళ్ళ కిందట ఆమె అక్కడ కంప్యూటర్ల కాంట్రాక్టులో పని చేసేది. ఒకరోజు గేటు రికార్డు తిరగేస్తుంటే ఒక స్వీపర్ పేరు కనిపించింది. ముందురోజు లోపలికి వెళ్ళొచ్చినట్టు ఉంది. ఆ స్వీపర్ చచ్చిపోయి ఎనిమిది నెలలైంది! ఆమె వెళ్ళి చెబితే కార్డులవాళ్ళు కంప్యూటర్లవాళ్ళ మీదికి తోశారు. కంప్యూటర్లవాళ్ళు గేటువాళ్ళ మీదికి తోశారు. ఆ కార్డు పట్టుకుని ఎవరు లోపలికి వెళ్ళారో ఈ రోజుకీ తెలియదు.

అప్పుడు మొదలుపెట్టింది. ఇంటింటికీ తిరిగింది. తప్పు ఒప్పుకుంటే కాంట్రాక్టు పోతుందని అందరికీ భయమే. వాళ్ళ ఇళ్ళల్లో సంగటి తింది, వాళ్ళ ఆడవాళ్ళతో మాట్లాడింది. మీ పనిలో మీకు తెలిసిన లొసుగు ఒకటి కాగితం మీద రాయండి, అందరం కలిసి సరిచేద్దాం అని బతిమాలింది. కంప్యూటర్లో పెట్టొద్దంది. నా చేతికే ఇవ్వండి అంది.

నమ్మారు. పదకొండు మందీ రాసి, రేపటి మీటింగ్‌కు తెస్తామన్నారు.

ఈ రోజు ఐదు గంటలకు చిత్తూరు నుంచి దయానంద్ ఫోన్ చేశాడు. కెమెరాల కాంట్రాక్టర్. నీ మనిషికి కాగితం ఇచ్చినాను, చేరిందా అని అడిగాడు.

ఆమె ఎవరినీ పంపలేదు!

మెయిల్ తెరిచింది. మధ్యాహ్నమే ఆమె పేరు మీద, ఆమె మెయిల్ నుంచే అందరికీ ఉత్తరం వెళ్ళి ఉంది. మనిషి వస్తున్నాడు, కాగితం ఇచ్చి పంపండి అని. కింద ఆమె సంతకం కూడా ఉంది.

పది మంది ఇచ్చేశారు.

మిగిలింది పెంచలయ్య ఒక్కడే. వాడేసిన అణు ఇంధనాన్ని ఉంచే గదికి ఉక్కు తలుపు చేసినాయన. మెయిల్ చూసే అలవాటు లేదు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్.

ఆ వెంటనే, గ్రూపుకు పర్మిషన్ ఇప్పించిన ధర్మేంద్రకు చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు. బూడిద రంగు కారు నంబరు, అది ఉన్న చోటు చెప్పిందీ ఆయనే. పోలీసులకు ఇప్పుడే చెప్పొద్దు, గొడవైతే దొంగలు జారుకుంటారన్నాడు.

"పోలీసోళ్ళకి నేను చెప్పేస్తాను మ్మా" అంటాడు మునిశేఖర్. కేబుళ్ళ కాంట్రాక్టరు అతను. గ్రూపులో అందరికంటే ముందు చేరినవాడు. "నా కాగితం గూడా ఇచ్చేస్తిని, నా వల్ల కాదు ఊరికే ఉండడం."

ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో ఫోన్. అవతల ఎవరో తాపీగా వింటున్నారు. ఏం పోయిందని అడిగారు. కాగితాలని చెప్పాడు. కత్తి చూపించి లాక్కున్నారా అన్నారు. లేదు, వాళ్ళే ఇచ్చేశారని చెప్పాడు. అయితే రేపు స్టేషన్‌కొచ్చి రాసివ్వమన్నారు.

అమల అణుకేంద్రం కంట్రోల్ రూమ్‌కు చేస్తుంది. ఎంగేజ్. మళ్ళీ చేస్తుంది. ఎంగేజ్.

దొంగ మెయిళ్ళ సంగతి చూసే ఢిల్లీ హెల్ప్‌లైన్. హిందీలో ఒక రికార్డు గొంతు... ఒకటి నొక్కండి... రెండు నొక్కండి... ఆఫీసు వేళల్లో ప్రయత్నించండి.

వడమాలపేట టోల్‌గేట్!

లారీలు బారులు తీరి ఉన్నాయి. బూడిద రంగు కారు చివరి లైన్లోంచి సర్రున జారిపోయింది. వీళ్ళ ముందు కోళ్ళ లారీ. వెనక బస్సు. కదిలే దారి లేదు.

ఒక నిమిషం. రెండు. ఐదు...

అమల తలుపు తీసి వానలోకి దూకుతుంది. లారీవాడిని బతిమాలుతుంది. లారీవాడు ముందున్న లారీని చూపిస్తాడు. ఆమె తడిసిపోయి వచ్చి కూర్చుంటుంది. చేయగలిగింది ఏమీ లేదు.

చివరికి గేటు లేచింది.

అరకిలోమీటరు దూరంలో, టీ బంకు పక్కన, బూడిద రంగు కారు ఆగి ఉంది!

వీళ్ళు కనబడగానే కదిలింది.

"మన కోసరం నిలిచినట్టుండాదే" అన్నాడు మునిశేఖర్.

అమల ఆ మాట విన్నది. ఆలోచించే టైమ్ లేదు.

పుత్తూరు.

బజారు దగ్గరికి రాగానే ఆ కారు మాయమైంది. ఏ సందులోకి పోయిందో తెలియదు. మునిశేఖర్ వేగం తగ్గించకుండా పెంచలయ్య వర్క్‌షాపు ముందు బ్రేకు వేస్తాడు. గేటు దగ్గర తను నిలబడతానని, ఆమెను లోపలికి పొమ్మన్నాడు. డిక్కీలోంచి జాకీ రాడ్ తీసుకున్నాడు.

అమల పరుగెత్తుతుంది. వర్క్‌షాపు వెనకే ఇల్లు. తలుపు బాదుతుంది.

"యెవురు?"

"నేనమ్మా, అమలని."

పెంచలయ్య భార్య భారతమ్మ తలుపు తీసింది.

పెంచలయ్య మంచం మీద ఉన్నాడు. కుడిచేతికి వెదురు దబ్బలు పెట్టి కట్టు కట్టారు. మూడు రోజుల కింద ఎవడో బైకుతో గుద్ది పారిపోయాడట. ఫోన్ అప్పుడే పగిలిపోయిందట. మధ్యాహ్నం ఒకడొచ్చి కాగితం అడిగితే ఈయన తిట్టి పంపించాడని భారతమ్మ చెప్పింది.

"నీ చేతికే ఇమ్మంటివి గదమ్మా" అన్నాడు పెంచలయ్య. "ఇంకొకరికి యెట్లిస్తాను?"

అమలకు ఏడుపొచ్చినంత పనైంది. పదకొండు మందిలో ఒక్కడు. మాట నిలబెట్టినవాడు ఒక్కడు.

భారతమ్మ కందిపప్పు డబ్బాలోంచి మడత కాగితం తీసింది.

అప్పుడే కిటికీ మీద వెలుగు పడింది. కారు హెడ్‌లైట్లు!

గేటు దగ్గర అరుపులు. మునిశేఖర్ గొంతు. ఇనుము రాతికి తగిలిన చప్పుడు.

ఫోన్ మోగింది. ధర్మేంద్ర.

"కాగితం దొరికిందా?"

"దొరికింది సార్. వాళ్ళొచ్చేసినారు. బయటనే ఉండారు."

"భయపడొద్దు. నేను కేంద్రంలోనే ఉండాను. తలుపు తెరిచే మాట ఇప్పుడే మార్చేస్తాను. కానీ పాత మాట చెబితేనే కొత్తది పెట్టేకయ్యేది. చదువు. సరేనా?"

అమల కాగితం విప్పింది. భారతమ్మ రాత. మొగుడు చెప్తుంటే రాసింది.

లొసుగు ఇది. ఆ తలుపు రిపేరుకు తెరవాలంటే సెక్యూరిటీ ఆఫీసర్ తలుపు చేసినవాణ్ణి అడిగి తెలుసుకుని, కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి ఒక మాట చెప్పాలి. ఆ మాట రెండే చోట్ల ఉంటుంది. తలుపు చేసినవాడి దగ్గర ఒకటి, కంట్రోల్ రూమ్‌లో సీలు వేసిన కవరులో ఒకటి. ఏటేటా మార్చాలని రూలు. పన్నెండేళ్ళుగా ఎవరూ మార్చలేదు.

కింద ఆ మాట.

పెంచలయ్య ఆమె చేయి పట్టుకున్నాడు. "ఫోన్లో ఎవురమ్మా?"

"ధర్మేంద్ర సార్."

"బాగా తెలిసినాయనేనా?"

"ఈ గ్రూపు అయ్యిందే ఆయన వల్ల, అన్నా."

తలుపు మీద దెబ్బ పడింది. గడియ అదిరింది. భారతమ్మ మంచం కోడు పట్టుకుని కూలబడింది.

ఇంకో దెబ్బ!

"టైమ్ లేదు అమలా" అంటోంది ఫోన్లో గొంతు. ఎప్పటి గొంతే. అదే నెమ్మది. "వాళ్ళ చేతికి పోయేలోపల నేను మార్చాల."

పెంచలయ్య కళ్ళు మూసుకుని తల ఊపాడు.

అమల చదివింది. "దేవకమ్మ నిమ్మతోట."

"ఇంకొకసారి."

"దేవకమ్మ నిమ్మతోట."

"మంచిది" అంది గొంతు. కట్ అయింది.

అమల వంటింట్లోకి ఉరికింది. స్టవ్ వెలిగించి కాగితం మంట మీద పెట్టింది. వేళ్ళు కాలుతున్నా వదల్లేదు. నల్లగా ముడుచుకుని, బూడిదై, సింకులో పడింది.

ఇక రానీ.

వాళ్ళొచ్చినా ఇక్కడ ఏమీ లేదు.

నిలబడింది. ఎదురుచూసింది.

మూడో దెబ్బ పడలేదు...

కిటికీ మీద వెలుగు పక్కకు జరిగింది. కారు రివర్స్ అయిన చప్పుడు. దూరమవుతున్న ఇంజను.

వాన ఒక్కటే వినిపిస్తోంది.

మెల్లగా గడియ తీసింది. మెట్ల మీద మునిశేఖర్ కూర్చుని ఉన్నాడు. నుదుటి మీంచి రక్తం కారుతోంది. రాడ్ అంత దూరాన పడి ఉంది. భారతమ్మ చీర చెంగు చింపి అతని తలకు కట్టింది.

"ఇద్దరే" అన్నాడు. "నన్ను తోసేసి తలుపు బాదినారు. ఇంతలో ఒకడికి ఫోనొచ్చింది. చాల్లే, రా అని రెండోవాణ్ణి పిలిచినాడు." ఊపిరి పీల్చుకున్నాడు. "నవ్వుకుంటా పోయినారమ్మా."

చాల్లే...

అమల ధర్మేంద్ర నంబరు నొక్కబోయింది.

ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అమలా, నేను ధర్మేంద్ర. రేపు మీటింగ్ పదికే గదా?"

ఆమె స్క్రీన్ మీద నంబరును మళ్ళీ చూసింది.

"వినబడతాందా? మధ్యాహ్నం నుంచి నా ఫోన్ పని చేయడంలేదు. సిమ్ పోయినట్టుండాది. ఇది పక్క సీటాయన ఫోన్. నీ నంబరు ఇన్విటేషన్ మీద ఉంటే..."

"సార్. మీరు యాడుండారు?"

"గూడూరు స్టేషన్లో. హైదరాబాద్ నుంచి వస్తా ఉండాను. ఏం?"

వెనక రైలు అనౌన్స్‌మెంట్. టీ అమ్మేవాడి కేక. అదే గొంతు. అచ్చంగా అదే గొంతు!

"సాయంత్రం నుంచి నాతో మాట్లాడతా ఉండారు గద సార్. మీ నంబరు. మీ గొంతు..."



"నా గొంతును కంప్యూటర్‌తో చేసినారు. ఏం చెప్పినావు వాళ్ళకి?"

చెప్పింది. రెండు మాటలే. చెబుతుంటే తన నోరు తనది కానట్టుంది.

ధర్మేంద్ర కాల్ తెగ్గొట్టకుండా అదే లైన్లో కంట్రోల్ రూమ్ నంబరు కలిపాడు.

ఒక రింగు.

రెండు రింగులు.

ఈసారి ఎంగేజ్ రాలేదు.

"కంట్రోల్ రూమ్, కుప్పయ్య." ముసలి గార్డు గొంతు.

"కుప్పయ్యా, ధర్మేంద్రని. ఇంధనం గది తలుపు..."

"అయిపోయింది సార్. మీరు చెప్పిన మాట కవర్లో దాంతో సరిపోయింది. అప్పుడే తెరిచినాను."

"మూసెయ్ కుప్పయ్యా. అది నేను కాదు. బటన్ నొక్కు, మూసెయ్!"

"అదేంది సార్... మీరు పంపిన రిపేరోళ్ళు లోపలికి పొయినారే. ఒకాయన ఈడనే ఉండాడు, నా పక్కనే. ఫోన్ ఇమ్మంటా..."

కుప్పయ్య మాట పూర్తి కాలేదు.

తుపాకి పేలింది.