ప్లాస్టిక్ కెమెరా, ఇత్తడి కట్టు గొడ్డలి

“అది కెమెరానా, సబ్బుపెట్టెనా?” అంటూ భుజంగం పడీపడీ నవ్వాడు.

మార్కాపురంలో ఆయనదో ఫొటో స్టూడియో. నల్లమలలో రోజుల తరబడి కాలినడకన పోవాల్సిన ప్రయాణం. అందుకని మేనకోడలు వకుళ అలమరాలో ఉన్న కెమెరాలన్నీ ఒక్కొక్కటే మెడకు తగిలించుకుని చూసింది. చివరికి అన్నిటికన్నా తేలికైన ప్లాస్టిక్ దాన్ని ఎంచుకుంది. రీలు వేయగానే అది గర్రుమంటూ ఫిల్మునంతా ముందే డబ్బాలోంచి బయటికి లాగేసుకుంది. ఇక బొమ్మ తీసినప్పుడల్లా ఆ ముక్క తిరిగి డబ్బాలోకి పోతుంది.

“తిక్క మిషను! కెమెరా అంటే ఇదే అమ్మాయ్, ఇనుము!” అని మామ తన పాత కెమెరాను మెడలో వేసుకున్నాడు.

“మెడ పడిపోతే నన్ను పిలవమాక మామా. బియ్యం, తాడు మోసేది నేనేగా!”

నవ్వింది గానీ, ఆమె పోయేది సరదాకు కాదు. కిందటేడు అన్న మురారి, కోదండం అనేవాడితో కలిసి గుప్తనిధి కోసం అడవికి పోయాడు. కోదండం ఒక్కడే తిరిగొచ్చాడు. “బంగారం దొరకంగానే నా నోట్లో మట్టికొట్టి పారిపోయాడు” అని బజారంతా చాటాడు. ఊరు నమ్మింది. ఆనాటి నుంచి వకుళ దొంగ చెల్లెలు! ఆ మాట చెరిపేసుకోవడానికే ఈ ప్రయాణం. నిధి ఉన్న చోటని అంతకు ముందెప్పుడో మురారి తీసిపెట్టుకున్న ఫొటో ఒక్కటే వాళ్లకు దారి. అందులో ఒక జలపాతం, దాని వెనక నల్లగా గుహ నోరు.

ముళ్లు గీరాయి, బండలు జారాయి, తేనెటీగలు వెంటపడ్డాయి. ఇనుప కెమెరా తాడు ఒరుసుకుని మామ మెడ పుండైపోయింది. “ఈ రోకలిబండను ఎందుకు తగిలించుకున్నానే!” అని ఆయన మూలిగాడు. వకుళ జాలిపడలేదు.

జలపాతం దొరికింది. హోరెత్తే నీటిని చీల్చుకుని ఇద్దరూ లోపలికి దూరారు. చిన్న గుహ, దాని చివర సన్నని చీలిక. భుజంగం బొజ్జ అందులో పట్టదు. వకుళ కెమెరాను నడుముకు కట్టుకుని, పక్కకు తిరిగి పాకుతూ లోపలికి పోయి టార్చి వేసింది.

ఎముకలు! మీద గళ్ల చొక్కా. వెన్నెముకలో దిగబడిన గొడ్డలి.

“అన్నా!”

ఆ గొడ్డలి ఆమెకు తెలుసు. పిడికి ఇత్తడి కట్టు, కట్టు మీద కోదండం పేరు. ఏట్లో పోయిందని వాడు చెప్పిన గొడ్డలే! వెనకనుంచి వేటు పడ్డాక అన్న ఈ చీలికలోకి పాకి ప్రాణం వదిలాడు. లావుపాటి కోదండం వెంట రాలేకపోయాడు. అవతల మూలన కుండ నిండా బంగారు నాణేలు మెరుస్తున్నాయి. వకుళ వాటివంక చూడనైనా లేదు. ఏడుస్తూనే గొడ్డలి బొమ్మను ముందు దగ్గరగా తీసింది, తర్వాత అన్నిపక్కల నుంచీ తీసింది. ఫ్లాషు వెలిగినప్పుడల్లా అన్న చొక్కా కనపడింది.

బయట పెనుగులాట. మామ కేక!

“పిల్లా! నా గొడ్డలి, ఆ కెమెరా, లోపల ఇంకేముంటే అది బయటికి తే! లేకుంటే మీ మామ పీక తెగుద్ది!”

కోదండం గొంతు. బయల్దేరే ముందు టీకొట్టు దగ్గర మామ ఈ ప్రయాణం గురించి నోరు జారిన ఫలితమిది.

వకుళ కుండను, గొడ్డలిని ముందుకు నెట్టుకుంటూ బయటికొచ్చింది. కత్తి మొన కింద మామ మెడ నుంచి నెత్తురు కారుతోంది. కోదండం గొడ్డలిని కాలితో తన్నాడు. అది గుహ నోటి అంచు దాటి జలపాతం కింది మడుగులో పడి మాయమైంది. తర్వాత కెమెరా లాక్కుని వెనకమూత పెరికాడు.

“వెలుతురు తగిలితే బొమ్మలు చస్తాయని నాకు తెలీదనుకున్నావా?”

చుట్టలు చుట్టలుగా ఫిల్ము లాగి, కత్తితో తెగ్గోసి, డబ్బాను విసిరికొట్టాడు. వాడు కోసింది బొమ్మలు తీయని ఫిల్ము! తీసినవన్నీ డబ్బాలోనే ఉన్నాయి. వకుళ డబ్బా పడినవైపు చూడకుండా తల దించుకుంది. ఏడుపు నటించాల్సిన పని లేదు, అది వస్తూనే ఉంది.

“ఇక సాక్ష్యం మీరిద్దరే” అని వాడు కత్తి ఎత్తాడు.

“ఇదిగో నీ బంగారం!” వకుళ కుండను అంచువైపు ఒక్క తన్ను తన్నింది.

వాడు అటు తిరిగాడు. అంతే! భుజంగం ఇనుప కెమెరాను గిరగిరా తిప్పి వాడి దవడ మీద కొట్టాడు. ఎముక ఫటేలుమంది. వాడి కత్తి మామ భుజాన్ని చీల్చింది. మామ మళ్లీ కొట్టాడు. పళ్లు రాలాయి. నెత్తురు కక్కుకుంటూనే కోదండం దొర్లిపోతున్న కుండను వాటేసుకుని, దానితోపాటే జారిపోయాడు. నాణేలు మడుగు పాలయ్యాయి. వాడు కింద బండ మీద కాలు విరిగి పడి, తాడు వేయమని చేతులు ఊపాడు.

“తాడు పోలీసులు వేస్తార్లే. అందాకా అక్కడే పడుండు!”

అనేసి వకుళ మోకాళ్ల మీద కూర్చుని తడి బండలన్నీ తడిమింది. చేతికి కుండలోంచి రాలి మిగిలిన నాణేలు తగిలాయి. విసుగ్గా పక్కకు నెట్టింది. ఆఖరికి డబ్బా దొరికింది. దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

పోలీసులు మోసుకొచ్చాక కోదండం ఆసుపత్రి మంచం మీద, దవడ విరిగి మాట రాక, సైగతో కాగితం అడిగి, బంగారం కోసం వీళ్లే తనను తోశారనీ, ఆ ఎముకలెవరివో తనకు తెలియదనీ రాసిచ్చాడు. జనంలో కొందరు తలూపారు కూడా.

స్టూడియో చీకటిగదిలో ఎర్రదీపం. కట్టుకట్టిన భుజంతో మామ కాగితాన్ని మందునీళ్లలో ముంచాడు. ముందు గళ్ల చొక్కా తేలింది. తర్వాత గొడ్డలి, ఇత్తడి కట్టు, దాని మీద అక్షరాలు. కోదండం.

వకుళ కళ్లు తుడుచుకుంది.

“ఇంకా పెద్దది చెయ్యి మామా, బజారంతా కనపడాల. మా అన్న దొంగ కాదు.”